నడుము నొప్పికి పిలాటీస్ మొదలుపెడదామనుకుంటున్నాను. టీచర్‌ని ఎలా చూసుకోవాలి?

రోజంతాకుర్చీ:

నమస్కారమండీ. నాది పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. కొన్నాళ్లుగా నడుము కింది భాగం పట్టేస్తోంది. పొద్దున లేవగానే బిగుసుకుపోయి ఉంటుంది, కాస్త అటూ ఇటూ తిరిగితే వదులవుతుంది, సాయంత్రానికి మళ్లీ మామూలే. డాక్టర్‌కి చూపించాను. స్కాన్‌లో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుము కింది రెండు పూసల మధ్య, డిస్క్ కొంచెం ఉబ్బిందని వచ్చింది. కాళ్లలో తిమ్మిర్లు, బలహీనత లేవు కాబట్టి టెన్షన్ పడొద్దు, అలా అని పడుకునీ ఉండొద్దు, ఏదో ఒక వ్యాయామం పట్టుకోండి అన్నారు. నేల మీదో, స్ప్రింగుల మెషీన్ల మీదో నిదానంగా చేసే పిలాటీస్ వ్యాయామాలైనా సరే అని ఆయనే అన్నారు.

దగ్గర్లో రెండు చోట్ల నేర్పుతున్నారు. ఒకచోట పెద్ద హాలు, గోడల నిండా అద్దాలు, వరసగా రిఫార్మర్ మెషీన్లు (స్ప్రింగులు తగిలించిన జారే బల్లలు), బ్యాచ్‌కి పన్నెండు మంది. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి రిసెప్షన్‌లోనే పెట్టారు. రెండోది చిన్న గది. నేల మీద మ్యాట్లు, మూలన రెండు మెషీన్లు. నలుగురైదుగురికి మించి తీసుకోనంటోంది ఆవిడ.

నా సందేహాలు: అసలు ఇది పనిచేస్తుందా, లేక ఇప్పుడు అందరూ చేస్తున్నారని చేయడమేనా? టీచర్‌కి విషయం తెలుసో లేదో నాలాంటివాడు ఎలా కనిపెట్టాలి? ఇంకోటి. మా అమ్మకి అరవై దాటాయి, ఎముకలు గుల్లబారుతున్నాయని టెస్టులో వచ్చింది. తనూ నాతో వస్తానంటోంది. తీసుకెళ్లొచ్చా?

నడకేదైవం:

ఎందుకండీ ఈ స్ప్రింగులూ పట్టీలూ! రోజూ అరగంట నడవండి, గంటకోసారి కుర్చీలోంచి లేవండి. నాకూ మీలాగే ఉండేది, నడకతోనే పోయింది. ఇంత చేస్తే చాలనుకునేవాళ్లకి ఆ మెషీన్ల ఖర్చు దండగ. తర్వాత మీ ఇష్టం.

వెన్నుకాపు:

నడకేదైవం గారి మాటలో సగం నిజం ఉంది, ముందు అది ఒప్పుకుందాం. నేను ఫిజియోథెరపిస్ట్‌ని. తర్వాత పిలాటీస్ నేర్చుకుని ఇప్పుడు రెండూ కలిపి చేస్తున్నాను. కాబట్టి నాకు దీని మీద మోజు ఉందనుకునే చదవండి.

2015లో వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు నడుము నొప్పికి పిలాటీస్ మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్ని ఒకచోట చేర్చి చూశారు. 10 అధ్యయనాలు, అన్నీ కలిపి 510 మంది. ఏమీ చేయనివాళ్లతోనో, నామమాత్రంగా చేసినవాళ్లతోనో పోలిస్తే పిలాటీస్ చేసినవాళ్లకి నొప్పి తగ్గింది, రోజువారీ పనులు తేలికయ్యాయి. మిగతా వ్యాయామాల కంటే ఇదే మేలని మాత్రం తేలలేదు. ఆ ఆధారాలు కూడా ఓ మోస్తరువేనని వాళ్లే రాశారు. అంచేత "నడుము నొప్పికి పిలాటీస్‌ని మించింది లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి, నేనన్నా సరే.

మరి నా దగ్గరకొచ్చేవాళ్లకి ఇది ఎందుకు చేయిస్తున్నానంటే, నొప్పి పాతబడినవాళ్లని చాలాసార్లు నొప్పి కంటే భయమే ఎక్కువ పట్టి ఉంచుతుంది. వంగితే ఏమవుతుందో, పక్కకి తిరిగితే ఎక్కడ పట్టేస్తుందో అని ఒళ్లంతా బిగబట్టుకుని తిరుగుతారు. కింద పడ్డ పెన్ను తీసుకోవడానికి మనిషి మొత్తం చెక్కబారిపోయి మోకాళ్ల మీద దిగుతారు. పిలాటీస్‌లో కదలిక చిన్నది, నిదానంగా ఉంటుంది, పక్కన చూసే మనిషి ఉంటుంది. వెన్ను ఒక్కో పూసా కదులుతున్నా ఏమీ కాలేదని వాళ్లకే తెలుస్తుంది. ఆ ధైర్యం నడకతో అందరికీ రాదు. నడిచేటప్పుడు నడుము బిగబట్టుకునే నడవొచ్చు, ఎవరూ పట్టుకోరు.

కండరాల సంగతికొస్తే, పొట్ట లోపలి పొరలో అడ్డంగా ఉండే కండరం ఒకటి నడుముకి పట్టీ చుట్టినట్టు ఉంటుంది. పైన ఊపిరి తీసే డయాఫ్రమ్, కింద పెల్విక్ ఫ్లోర్ (మూత్రాశయం లాంటివాటిని కింది నుంచి మోసే కండరాలు), వెనక పూసల్ని అంటిపెట్టుకున్న చిన్న చిన్న కండరాలు. ఇవి పైకి కనబడవు, అద్దంలో చూసుకుని మురిసిపోయేవి కావు. పిలాటీస్‌లో ఎక్కువ పని వీటికే. ఊపిరి కూడా పొట్ట ఉబ్బేలా కాకుండా పక్కటెముకలు పక్కలకి, వెనక్కి తెరుచుకునేలా తీయిస్తాం. రోజంతా ముందుకు వాలి కూర్చునేవాళ్లలో ఆ వెనక భాగం దాదాపు కదలడం మానేసి ఉంటుంది. బలం, బ్యాలెన్స్, కూర్చునే తీరు మీద అదుపు వస్తాయి. సాగే గుణం కూడా పెరుగుతుంది, కానీ దాన్ని నేను నాలుగో స్థానంలో పెడతాను.

బరువు మాత్రం దీనివల్ల చెప్పుకోదగ్గంత తగ్గరు. గుండెకి, ఊపిరితిత్తులకి కావలసిన వ్యాయామం కూడా ఇందులో అంతగా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం. ఈ రెండోదానికి పిలాటీస్ పనికొస్తుంది. మొదటిదానికి నడకేదైవం గారి దారే. ఇంకొకటి, పిలాటీస్ చేస్తే ఉబ్బిన డిస్క్ లోపలికి పోతుందని చెప్పేవాళ్లుంటారు. ఆ మాట వినబడితే మ్యాట్ చుట్టుకుని వచ్చేయండి. ఏ నొప్పీ లేనివాళ్లకి స్కాన్ తీసినా డిస్క్ ఉబ్బు కనబడటం మామూలే. రిపోర్టులో ఆ ఒక్క ముక్క చూసి బెంగపెట్టుకోకండి.

ఇక టీచర్ విషయం. అసలు చెప్పాలనుకున్నది ఇదే.

ఈ పద్ధతి మొదలుపెట్టిన జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలో పుట్టాడు. 1926లో న్యూయార్క్ చేరి, భార్య క్లారాతో కలిసి స్టూడియో నడిపాడు. డ్యాన్సర్లు దెబ్బలు తగిలితే ఆయన దగ్గరకి పరిగెత్తేవారు. 1967లో ఆయన పోయాక శిష్యులు ఎవరి దారిలో వాళ్లు నేర్పుకుంటూ పోయారు. ఆ పేరు మాదంటే మాదని కోర్టుకెక్కారు కూడా. 2000లో అమెరికా ఫెడరల్ కోర్టు ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని, ఒక రకం వ్యాయామానికి అందరూ వాడుకునే మాట అని తేల్చి ట్రేడ్‌మార్క్ రద్దు చేసింది. మంచి తీర్పే, నాలాంటివాళ్లం బతుకుతున్నది దానివల్లే. కానీ దాని రెండో వైపు కూడా చూడండి. మూడేళ్లు కష్టపడి నేర్చుకున్నవాళ్లూ, శని ఆదివారాలు రెండు క్లాసులకి వెళ్లొచ్చినవాళ్లూ ఒకే బోర్డు పెట్టుకోవచ్చు. బయట నిలబడి చూసే మీకు తేడా తెలియదు.

అందుకని ఆ ఫ్రేమ్ కట్టిన కాగితం మీద ఏ స్థాయి అని ఉందో చదవండి. మ్యాట్ సర్టిఫికెట్ అంటే నేల మీద చేసేవి నేర్పడానికి మాత్రమే. రిఫార్మర్ ఒక్కదానికీ విడిగా ఇస్తారు. కాంప్రహెన్సివ్ అంటే మ్యాట్‌తో పాటు రిఫార్మర్, క్యాడిలాక్, చైర్, బ్యారెల్ అనే పరికరాలన్నీ. ఇందులో శరీర నిర్మాణం చదవాలి, సీనియర్ల క్లాసులు పక్కన కూర్చుని చూడాలి, తను చేయాలి, ఇంకొకరి పర్యవేక్షణలో నేర్పాలి. అమెరికాలో నేషనల్ పిలాటీస్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అనే పరీక్ష ఉంది. ఆ పరీక్షకి కూర్చోవాలంటేనే 450 గంటల శిక్షణ చూపించాలి. అదే గీత అనుకోనక్కర్లేదు గానీ, ఎవరైనా "నాది పదహారు గంటల కోర్సు" అన్నప్పుడు పక్కన పెట్టి చూసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది.

స్టాట్, బ్యాలెన్స్‌డ్ బాడీ, పోల్‌స్టార్, బాసీ లాంటి పేర్లు వింటారు. ఇవన్నీ పేరున్న శిక్షణ సంస్థలే. అయినా పేరు చూసి ఆగిపోకండి. అదే సంస్థ మ్యాట్ కోర్సూ ఇస్తుంది, పూర్తి కోర్సూ ఇస్తుంది. "ఎక్కడ చేశారు" అన్నదానికంటే "ఏమేం చేశారు, ఎన్ని గంటలు, పరీక్ష అయిందా" అని అడగండి. సరిగా నేర్చుకున్నవాళ్లు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు. చెప్పుకోవడానికి ఎదురుచూస్తుంటారు, నా అనుభవంలో ఆపడమే కష్టం.

కాగితం అయిపోయాక క్లాసు చూడండి. ట్రయల్ క్లాసు చేయకముందు ఒకసారి ఊరికే కూర్చుని చూస్తానని అడగండి. హండ్రెడ్ అని ఒక వ్యాయామం ఉంది, దాదాపు ప్రతి మ్యాట్ క్లాసులో మొదట్లోనే వస్తుంది. వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తి, కాళ్లు చాపి గాల్లో నిలిపి, పక్కన చేతులు పైకీ కిందికీ ఆడించాలి. 5 లెక్కలు ఊపిరి పీల్చడం, 5 లెక్కలు వదలడం, అలా 10 సార్లు, మొత్తం 100. అది చేసేటప్పుడు ఎవరో ఒకరికి పొట్ట అలిసిపోయి నడుము నేల మీంచి విల్లులా లేస్తుంది, మెడ నరాలు తేలతాయి. మీరు వ్యాయామం చేసేవాళ్లని కాకుండా ఆ క్షణంలో టీచర్‌ని చూడండి. తెలిసిన టీచర్ అప్పటికే ఆ మనిషి పక్కకి చేరి, మోకాళ్లు మడిచి పాదాలు కింద పెట్టమంటుంది, తల దించి చేతులు మాత్రం ఆడించమంటుంది. తెలియని టీచర్ "ఇంకో ఇరవయ్యే, వదలొద్దు" అని లెక్క పెంచుతుంది. మూడో రకం కూడా ఉంది. తను ముందు పడుకుని అందరితో పాటు చేసేస్తుంటుంది. ఆవిడ వ్యాయామం ఆవిడకి బాగా అవుతుంది, మిమ్మల్ని చూసేవాళ్లుండరు.

పెద్ద హాలు పట్ల నా అనుమానం కూడా ఇదే. రిఫార్మర్ మీద స్ప్రింగులు తగ్గిస్తే తేలికవుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. పడుకుని పాదాలతో బార్‌ని తన్నేటప్పుడు అది నిజమే. అదే మెషీన్ మీద చేతులు బార్ మీద పెట్టి ఒళ్లంతా పలకలా తిన్నగా నిలిపే ప్లాంక్‌లో ఉన్నప్పుడు స్ప్రింగు తగ్గిస్తే కింద బల్ల పట్టు లేకుండా జారుతుంది, దాన్ని ఆపాల్సింది మీ పొట్టే. అంటే ఇక్కడ తగ్గించడం కష్టం పెంచడం. "అందరూ ఒక రెడ్, ఒక బ్లూ" అని మైకులో చెప్పేస్తే, పన్నెండు మంది పన్నెండు రకాల ఒళ్లకి అది ఒకే మోతాదు మందు. పైగా స్ప్రింగు ఎంత గట్టిదో చెప్పే ఆ రంగులు కంపెనీని బట్టి మారతాయి. ఆ హాలు టీచర్ మంచివాళ్లే అయ్యుండొచ్చు. కానీ నొప్పి ఉన్న మనిషి మొదట్లో ఒంటరిగానో ముగ్గురు నలుగురిలోనో నేర్చుకుని, తర్వాత గుంపులోకి వెళ్లడం మేలు.

అమ్మగారి గురించి. తీసుకెళ్లండి, కానీ మీ క్లాసులోకి కాదు. ఎముకలు గుల్లబారినవాళ్లు బరువు మోస్తూ వెన్నుని ముందుకి గుండ్రంగా వంచకూడదు. అలా చేస్తే పూసల ముందు భాగం నొక్కుకుపోయి విరిగే ప్రమాదం ఉంది. పడుకుని ఒక్కో పూసా లేపుతూ పైకి లేచే రోల్ అప్, వీపు మీద బంతిలా దొర్లడం, వంగి మెలి తిరగడం, ఇవన్నీ మామూలు మ్యాట్ క్లాసులో వరసగా వస్తాయి. ఆవిడకి అవి తీసేసి, బోర్లా పడుకుని ఛాతీ కొద్దిగా ఎత్తడం, తుంటి కండరాలు, నిలబడి బ్యాలెన్స్, ఇలాంటివి పెట్టాలి. పడిపోకుండా ఉండటం ఆ వయసులో చాలా ముఖ్యం.

మీకొక ఉపాయం చెబుతాను. రెండు చోట్లా ఫోన్ చేసి "మా అమ్మకి ఎముకలు గుల్లబారాయి, రోల్ అప్ చేయిస్తారా" అని అడగండి. "నెమ్మదిగా చేస్తే ఏం కాదు" అన్నచోట మీరు కూడా చేరొద్దు.

చివరగా, కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా క్లాసు మాట మర్చిపోయి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఆ పరిస్థితిలో వ్యాయామం చేయించే టీచర్ ఎంత చదివినా తెలివిలేనివాళ్లే.

చంటిదానిఅమ్మ:

వెన్నుకాపు అక్కా, ఇంకోటి చేర్చనా? టీచర్ ఒంటి మీద చెయ్యి వేసే ముందు అడుగుతుందా లేదా అన్నది కూడా చూడమనండి. నాకు కాన్పు అయ్యాక పొట్ట మధ్యలో కండరాలు విడిపోయి ఉండేవి. మొదట వెళ్లినచోట ఎవరూ అడగలేదు, నేరుగా పొట్ట వ్యాయామాలు మొదలుపెట్టించారు. తల ఎత్తినప్పుడల్లా పొట్ట మధ్యలో గట్టులా పైకి లేచేది. నాకు చూడటానికే భయమేసేది. మానేశాను.

ఇప్పుడు చేసేచోట టీచర్ మొదటి రోజు మెషీన్ ఎక్కించనే లేదు. కాన్పు ఎలా అయింది, తుమ్మితే మూత్రం పడుతోందా అని అడిగింది. "పొట్ట మీద వేళ్లు పెట్టి చూడొచ్చా" అని అడిగి, నేను సరే అన్నాకే చూసింది. పడుతోందని చెబితే, "అయితే ముందు పెల్విక్ ఫ్లోర్ చూసే ఫిజియో దగ్గరకి వెళ్లి రండి, ఆవిడ చెప్పినదాన్ని బట్టి మనం మొదలుపెడదాం" అంది. వచ్చిన మనిషిని చేర్చుకోకుండా వెనక్కి పంపిందంటే నాకు అక్కడే గురి కుదిరింది.

వెన్నుకాపు:

ఆ గట్టు లేవడం చూసిన వెంటనే ఆ కదలిక ఆపి, తేలిక చేయాలి. మీరు మానేయడమే మంచిదైంది. చెయ్యి వేయడం గురించి చెప్పినదీ నిజమే. కొంతమందికి తాకి చెబితేనే అర్థమవుతుంది, కొంతమందికి అసలు ఇష్టం ఉండదు. మాటతోనే చెప్పగలిగి ఉండాలి టీచర్.

సందేహాలపుట్ట:

ఈ టీచర్ల గోలంతా లేకుండా వీడియోలు చూసి ఇంట్లో చేసుకుంటే కుదరదా? మ్యాట్ ఒక్కటేగా కావాల్సింది.

వెన్నుకాపు:

ఏ నొప్పీ, ఏ జబ్బూ లేకపోతే నిక్షేపంగా చేసుకోండి. తేలికవాటితో మొదలుపెట్టండి. చిక్కు ఒక్కటే, వీడియోలో ఆవిడని మీరు చూడగలరు, మిమ్మల్ని ఆవిడ చూడలేదు. రోజంతాకుర్చీ గారిలా నొప్పి ఉన్నవాళ్లు ముందు కొన్ని క్లాసులు ఎదురుగా నేర్చుకుని, తనకి ఏది పడుతుందో ఏది పడదో తెలిశాక వీడియోల జోలికి వెళ్లాలి.

రోజంతాకుర్చీ:

అందరికీ థాంక్స్. వెన్నుకాపు గారు చెప్పిన ప్రశ్న రెండు చోట్లా అడిగాను.

పెద్ద హాలులో ఫోన్ ఎత్తినావిడ "మా దగ్గర అన్ని వయసులవాళ్లూ చేస్తారు సార్, ఏం ప్రాబ్లం లేదు, ఈ వారం చేరితే ఆఫర్ ఉంది" అంది. టీచర్‌తో మాట్లాడించమంటే క్లాసులో ఉన్నారంది. తిరిగి ఫోనేమీ రాలేదు.

చిన్న గది ఆవిడ రోల్ అప్ అనగానే "అయ్యో వద్దండీ" అంది. అమ్మ డెక్సా రిపోర్టు (ఎముకల సాంద్రత పరీక్షది) తీసుకురమ్మంది, మొదట తనొక్కదానికే విడిగా చేయిస్తానంది. నా స్కాన్ రిపోర్టు కూడా అడిగింది. ఏ కదలికకి నొప్పి వస్తుంది, ముందుకి వంగితేనా వెనక్కి వంగితేనా, ఎంతసేపు కూర్చోగలను అని ఫోన్‌లోనే చాలా అడిగింది. అంతా బాగానే ఉంది గానీ, చదువు గురించి అడిగితే మ్యాట్ కోర్సు పూర్తయింది, పరీక్ష పాసయ్యాను, మెషీన్ల కోర్సు ఇంకా నడుస్తోంది, గంటలు పూర్తి చేస్తున్నాను అంది. మూలనున్న ఆ రెండు మెషీన్లు తన ప్రాక్టీసుకేనట. ఇప్పుడు నాకు మళ్లీ సందేహం. సగం చదివినట్టేగా? వెళ్లనా వద్దా?

నడకేదైవం:

మెషీన్ల కోర్సు ఇంకా పూర్తి కాలేదని దాచకుండా చెప్పిందా? వెళ్లండి. నేను పిలాటీస్‌కి ఓటేయడం ఇదే మొదలు, ఇదే ఆఖరు.

వెన్నుకాపు:

వెళ్లండి. మీ ఇద్దరికీ ఇప్పుడు కావలసింది మ్యాట్ పనే, అందులో ఆవిడ శిక్షణ పూర్తయింది. వంగితే నొప్పా, వెనక్కి వాలితే నొప్పా అని అడిగిందంటే మిమ్మల్ని బట్టి వ్యాయామం మార్చే ఆలోచన ఉన్న మనిషే. కొన్నాళ్లకి "నా ప్రాక్టీసు గంటలకి మెషీన్ మీద చేయిస్తాను, డబ్బులొద్దు" అనొచ్చు. నేర్చుకునేవాళ్లు అలా అడగడం మామూలే, తప్పు లేదు. మీ నొప్పి తగ్గి ఉంటే, ఆవిడకి నేర్పే సీనియర్ కూడా గదిలో ఉంటే ఒప్పుకోండి. అమ్మగారిని మాత్రం దానికి పంపకండి.

వదులుగా మరీ జారే బట్టలు వేసుకోకండి, మోకాళ్లూ నడుమూ ఎలా కదులుతున్నాయో ఆవిడకి కనబడాలి. కడుపు నిండా తిని వెళ్లకండి. మర్నాడు పొట్ట, తుంటి పక్కన కండరాలు లాగితే అది మామూలే. నొప్పి నడుము దాటి కాలిలోకి దిగితే మాత్రం తర్వాతి క్లాసు దాకా ఆగకుండా ఆవిడకి ఫోన్ చేసి చెప్పండి, తగ్గకపోతే మీ డాక్టర్‌కి.